నడుము–తుంటి నిష్పత్తి 0.7: ఇది నిజంగా పరిణామం నాటిన అభిరుచేనా?

ప్రశ్న
నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే 0.7 వచ్చే ఆడవాళ్లే మగవాళ్ల కంటికి అందంగా కనిపిస్తారట. అది సంతానసామర్థ్యానికి గుర్తు కాబట్టి పరిణామక్రమంలో మెదడులో నాటుకుపోయిందట. యూట్యూబ్ నిండా ఇదే మాట. దీని మీద వచ్చిన పరిశోధన పేపర్లు చదివేటప్పుడు ఎక్కడ పట్టి చూడాలి?

జవాబు 1
ముందు బొమ్మలు చూడండి. ఈ వాదనకు మూలమైన 1993 పేపర్లో మనస్తత్వ శాస్త్రవేత్త దేవేంద్ర సింగ్ వాడినవి ఆడవాళ్ల గీతబొమ్మలు 12: సన్నం, మధ్యస్థం, లావు, ఒక్కోదానికి 0.7, 0.8, 0.9, 1.0 నిష్పత్తులు. చిక్కంతా ఇక్కడే. తుంటిని కదపకుండా నడుము పెంచితే మనిషే లావుగా కనిపిస్తుంది. చూసేవాడు మార్కులు వేసింది నిష్పత్తికా, బరువుకా? 1998లో టాసినరీ, హాన్సెన్ అనే పరిశోధకులు బరువు, నడుము, తుంటిని విడివిడిగా మార్చి చూస్తే 0.7 వాదన నిలబడలేదు.

జవాబు 2
బొమ్మలు ఎవరికి చూపించారన్నదీ అడగండి. సినిమాలు, ప్రకటనలు ఒకటే అయినప్పుడు పది దేశాల విద్యార్థులు ఒకే మాట చెప్పినా సార్వత్రికం అనలేం. 1998లోనే యూ, షెపర్డ్ అనే పరిశోధకులు పెరూలోని మాత్సిగెంకా ఆదివాసులకు ఇలాంటి బొమ్మలు చూపించారు. బయటి సంపర్కం బాగా తక్కువున్న ఊళ్లో మగవాళ్లు ముందు లావుపాటివాళ్లను, అందులోనూ నిష్పత్తి ఎక్కువున్నవాళ్లను ఎంచుకున్నారు. బయటి సంపర్కం పెరిగినకొద్దీ ఎంపిక అమెరికన్ల అభిరుచి వైపు జరిగింది.

జవాబు 3
అంత తొందరగా కొట్టిపారేయకండి. టాంజానియాలో వేట మీద బతికే హడ్జా తెగ మగవాళ్లు, 2001లో మార్లో అనే పరిశోధకుడి బృందం చూపిన ముందువైపు బొమ్మల్లో ఎక్కువ నిష్పత్తికే మొగ్గారు, నిజమే. 2005లో మార్లో బృందమే పక్కనుంచి గీసిన బొమ్మలు చూపిస్తే, అమెరికన్ల కన్నా తక్కువ నిష్పత్తి ఎంచుకున్నారు. టేపు ఒంటి చుట్టూ తిరుగుతుంది, ముందువైపు బొమ్మ వెడల్పు ఒక్కటే చూపిస్తుంది. పిరుదులు వెనక్కి ఉంటే ఆ కొలత బొమ్మలోకి రాదు. మాత్సిగెంకా ఫలితానికీ ఇదే లోపం తగులుతుంది.

జవాబు 1 (మళ్లీ)
ఒప్పుకుంటాను, ముందువైపు బొమ్మల మీద నేనూ అంత ఆధారపడకూడదు. కానీ అభిరుచి ఉందని తేలినంత మాత్రాన అది ఎందుకొచ్చిందో తేలదు. 0.7 వస్తే సంతానసామర్థ్యం అంటారు, 0.9 వస్తే తిండి కొరత ఉన్నచోట లావే మేలని పరిణామం నేర్పిందంటారు. కాబట్టి డేటా తీయకముందే పరిశోధకుల చేత రెండు సంగతులు రాయించాలి: ఏ అంకె వస్తే ఊహ తప్పని ఒప్పుకుంటారు, ఆ జనాభాలో నిష్పత్తికీ పుట్టిన పిల్లల సంఖ్యకూ సంబంధం ఎలా కొలుస్తారు. రెండోదానిలో ఒక మెలిక ఉంది: కాన్పుల తర్వాత నడుమే పెరుగుతుంది. అందుకే కొలత మొదటి కాన్పుకు ముందే తీసి ఉండాలి.