వీడియో పాఠాలు ఇంటికి హోంవర్కుగా ఇవ్వొచ్చా?

పలాస_నాన్న:
మా పాప ఏడో తరగతి, ప్రభుత్వ బడి. ఈ మధ్య వాట్సాప్ గ్రూపులో దీక్ష (ప్రభుత్వ వీడియో పాఠాల యాప్) లింకు పెట్టి, చూసి నోట్సు రాసుకు రండి అంటున్నారు. క్లాసులో పెద్ద తెర ఉంది, అందులో చూపిస్తే నాకేం అభ్యంతరం లేదు. ఇంటికెందుకు పంపడం? మీ బడుల్లో కూడా ఇంతేనా?

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
దీక్ష 2017 నుంచి ఉంది, పైసా కట్టక్కర్లేదు. పాఠ్యపుస్తకంలోనే క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే ఆ పాఠం తెరుచుకుంటుంది. భిన్నాల కూడిక నేను బోర్డు మీద ఒకసారో రెండుసార్లో చెప్పగలను. అప్పటికీ ఎక్కని పిల్లాడు ఇంటి దగ్గర ఆపుకుని, వెనక్కి జరుపుకుని ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు. ట్యూషన్ పెట్టించలేని ఇంటికి ఇంతకంటే ఏం కావాలండీ?

పలాస_నాన్న:
వీడియో ఉచితమే మాస్టారూ, డేటా ఉచితమా?

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
యాప్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకుండానే ప్లే అవుతుంది.

పలాస_నాన్న:
డౌన్‌లోడ్‌కైనా నెట్ కావాలి కదండీ.

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
సరే, నెట్ మాటే వద్దు. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు పీఎం ఈ-విద్య మొదలైంది, తరగతికో టీవీ ఛానల్. డీడీ ఫ్రీ డిష్ ఉంటే చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు.

బొబ్బిలి_అమ్మ:
క్లాసులో భిన్నాలు చెప్పిన రోజే టీవీలో భిన్నాలు రావు కదా మాస్టారూ. ఇక ఫోన్ ఇస్తే మావాడు పాఠం కాసేపు, రీల్స్ మిగతా సాయంత్రం. మేం పొలం నుంచి వచ్చేసరికి చార్జింగ్ ఉండదు.

ఇచ్ఛాపురం_తమ్ముడు:
ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసుకునే సైన్సు ప్రయోగాలు, చూశారా ఎవరైనా? కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టారు, అన్నీ ఉచితం. తెర మీద వైరు తీస్తే బల్బు ఆరిపోతుంది, బ్యాటరీ ఓల్టేజి పెంచితే వెలుగు పెరుగుతుంది. ఓమ్ నియమం నాకు అలాగే బుర్రకెక్కింది.

పలాస_నాన్న:
బాగుంది తమ్ముడూ, దాన్నే క్లాసులో చూపించమంటున్నా.

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
క్లాసులో, క్లాసులో అంటున్నారు, ఆ క్లాసు ఎంతసేపో తెలుసా? హాజరు యాప్‌లో వెయ్యాలి, మధ్యాహ్న భోజనం ఫొటోలు ఎక్కించాలి, పక్క సెక్షన్‌కి టీచరు రాకపోతే అదీ నేనే చూడాలి. మీరు సాయంత్రం పిల్ల పక్కన కూర్చోలేక తప్పంతా మా మీద తోసేస్తున్నారు. ఇలాంటి తల్లిదండ్రులుంటే మన జిల్లాలు ఇంకెప్పుడు ముందుకొస్తాయి?

పలాస_నాన్న:
పక్కన కూర్చోడమా? నేనూ మా ఆవిడా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాం. పాప ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటుంది, ఆవిడది బటన్ ఫోన్. లింకు వచ్చేది నా ఫోన్‌కి. పని అయ్యాక అది చూసి, అత్తగారి ఫోన్‌కి చేసి పాపకి చెప్తున్నా. చపాతీని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్కకి రంగు వేసిన బొమ్మని ఫోన్‌లో నోటితో ఎలా చూపించను మాస్టారూ? పక్కింటికి ఫోన్ అడగడానికి వెళ్లి, వాళ్లు అన్నాలు తింటున్నారని గుమ్మంలోంచే తిరిగొచ్చేసిందంట. మర్నాడు నోట్సు లేదని క్లాసులో నిలబెట్టారు. నా గొడవ డేటా గురించి కాదు, ఇది.

బొబ్బిలి_అమ్మ:
ఈ మాట ముందే చెప్పాల్సింది అన్నయ్యా.

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
నిలబెట్టడాన్ని నేను ఎప్పుడూ సమర్థించను. నా బాధ వేరు. పీరియడంతా వీడియోకే పోతే పిల్లల చేత లెక్క ఎప్పుడు చేయించాలి? వినడం ఇంటి దగ్గర అయిపోతే, తప్పులు దిద్దడానికి క్లాసులో నాకు టైము దొరుకుతుంది.

పలాస_నాన్న:
ఇంటి దగ్గర వినిపించే మనిషి ఉన్న పిల్లలకి ఆ టైము దొరుకుతుంది. మా పాపకి వినడమూ లేదు, దిద్దడమూ లేదు. మొదటిసారి చెప్పడం మాత్రం బడిలోనే జరగాలి, ఇంటి దగ్గర ఎన్నిసార్లు చూసుకున్నా అది అదనం.

బొబ్బిలి_అమ్మ:
భోజనాల తర్వాత బెల్లు కొట్టేదాకా ఆ తెర ఖాళీగానే ఉంటుంది కదా, ఫోన్ లేనివాళ్లకి అప్పుడు వేస్తే?

పలాస_నాన్న:
హెడ్మాస్టర్ గారిని అడుగుతా. ఆ నోట్సుకి మార్కులు వెయ్యొద్దని కూడా అడుగుతా.

చీపురుపల్లి_లెక్కల_మాస్టారు:
తెర వెయ్యడానికి ఎవరో ఒకరం ఉంటాం. మార్కులు మాత్రం తీయించకండి, తీసేస్తే ఫోన్ ఉన్నవాళ్లు కూడా చూడరు.