‘ఎవ్వనియందు డిందు’నా, ‘నుండు’నా? రిమూవ్, పర్జ్‌లకు తెలుగు మాటల వెతుకులాట

హనుమకొండ ల్యాబ్ శిక్షకుడు:
మా విద్యార్థుల కోసం ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్ల కరదీపిక రాస్తున్నాను. ఇన్‌స్టాల్‌కు అందరి నోటా ఉన్న ‘ఎక్కించు’ కుదిరింది గానీ ప్రోగ్రాములను తొలగించే ‘ఆప్ట్ రిమూవ్’, ‘ఆప్ట్ పర్జ్’ కమాండ్ల దగ్గర కలం ఆగింది. మొదటిది ప్రోగ్రామును తీసివేసినా ఈటీసీ అనే డైరెక్టరీలోని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది. రెండవది వాటినీ తుడిచివేస్తుంది. నిన్న ఒక అమ్మాయి వెబ్ సర్వర్‌ను రిమూవ్ చేసి మళ్లీ ఎక్కిస్తే, తాను పాడుచేసిన పాత సెట్టింగే తిరిగివచ్చి కూర్చుంది. అప్పటి నుంచి పోతన భాగవతంలోని ‘ఎవ్వనిచే జనించు’ పద్యపాదం ఒకటి నాలుకపై ఆడుతున్నది. ‘ఎవ్వనియందు డిందు’ సరియా, ‘నుండు’ సరియా? పర్జ్‌కు ఆ క్రియ పనికివస్తుందా?

పాలకుర్తి పంతులు:
‘డిందు’ అనే అనాలి. ‘నుండు’ కూడా గురువు, లఘువే గనుక ఉత్పలమాల గణాలు అడ్డుచెప్పవు; చెవి మోసపోయేది అక్కడే. మొదటి పాదంలో ‘లోపల నుండు లీనమై’ అన్న కవి రెండవ పాదంలో అదే మాటను తిప్పి వేయడు. సంస్కృత మూలంలో ‘యస్మిన్నిదం యతశ్చేదం’ అని సర్వనామాలే తప్ప లయాన్ని చెప్పే క్రియ లేదు. ఆ డిందడం మా బమ్మెర పోతన చేర్చినదే, పోతన తమవాడనే ఒంటిమిట్ట వారు కోపగించుకున్నా సరే.

కరీంనగర్ సిస్టమ్ అడ్మిన్:
పంతులుగారూ, ‘డిందు’ అకర్మకం. కమాండ్ అంటే ఆజ్ఞ గనుక సకర్మకం కావాలి. ‘దించు’ అందామంటే అది డౌన్‌లోడ్ పాలైంది. నా ఓటు రిమూవ్‌కు ‘ఉద్వాసన’, పర్జ్‌కు ‘నిమజ్జనం’. వినాయకుడికి ఉద్వాసన చెప్పి పీఠం కొద్దిగా కదిపినా విగ్రహం మండపంలోనే ఉంటుంది. రిమూవ్ తరువాత ప్యాకేజీల జాబితా చూపే ‘డీపీకేజీ హైఫన్ ఎల్’ కొడితే పేరు ముందు ‘ఆర్‌సీ’ (తీసివేశారు, సెట్టింగులు మిగిలాయి) అని కనిపించేది ఆ విగ్రహమే.

పరకాల పాఠకురాలు:
ఉద్వాసన అంటే నేటి పాఠకుడికి ఉద్యోగం ఊడినవాడే గుర్తుకువస్తాడు. నిమజ్జనమూ పూర్తిగా నిలవదు. పర్జ్ చేసినా హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కదలవు, చెరువు ఎండినప్పుడు బయటపడే ఇనుప చువ్వల మాదిరిగా. పెళ్లికొడుకు వెళ్లిపోయినా విడిదిలో ఉండిపోయిన తోడుపెళ్లికొడుకులను సాగనంపినట్టు, ప్రోగ్రాముకు తోడుగా వచ్చి ఇక అక్కరలేని ప్యాకేజీలను పంపించివేసే ‘ఆటోరిమూవ్’ సంగతి ఎవరూ ఎత్తనేలేదు.

పాలకుర్తి పంతులు:
అమ్మా, చువ్వలు అటుంచండి. ‘డిందు’కు ఇక్కడ ‘నశించు’ అనే అర్థాన్ని నేను ఒప్పను, ‘అణగు’ అనే అంటాను. అదే పాదంలో ‘మూలకారణం’ ఉన్నది గదా. మూలంలో అణగినది మళ్లీ పుట్టగలదు. ఆ లెక్కన ల్యాబ్‌లోని ఆ అమ్మాయి సర్వర్ డిందినదే. మాట రిమూవ్‌కు సరిపోతుంది, పర్జ్‌కు కాదు.

కరీంనగర్ సిస్టమ్ అడ్మిన్:
అణగడమే అయితే మొదటి పాదంలోని ‘లీనమై’కి, దీనికి తేడా ఏమిటి?

హనుమకొండ ల్యాబ్ శిక్షకుడు:
రిమూవ్ ఎదుట ‘తీసివేయు’ అని రాసుకున్నాను. పర్జ్ గడి ఖాళీగానే ఉన్నది. పంతులుగారూ, ‘లీనమై’ సంగతి చెప్పండి.