ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది? మార్చి 25న మ్యూనిక్ వస్తున్నా

కొత్తగా వస్తున్నా:
అందరికీ నమస్తే. 2027 మార్చి 25, గురువారం రాత్రి మ్యూనిక్‌లో దిగుతున్నా. శుక్రవారం బ్యాంకు పని, శనివారం సామాన్లు, సోమవారం అడ్రస్ రిజిస్ట్రేషన్ అనుకున్నా. అప్పుడు ఈస్టర్ కదా అని ఒకాయన అన్నారు. ఈ ఏడాది, అంటే 2026లో, ఏప్రిల్ 5న కదా వచ్చింది? అంత ముందుకి ఎలా జరిగింది?

స్టుట్‌గార్ట్, 11 ఏళ్లుగా:
తమ్ముడూ, నీ ప్లాన్‌లో పనికొచ్చేది శనివారం ఒక్కటే. 26 గుడ్ ఫ్రైడే, 28 ఈస్టర్, 29 ఈస్టర్ మండే. ఆఫీసులు, బ్యాంకులు తెరిచేది మంగళవారమే.

అది సరే గానీ, ఇల్లు తీసుకునేటప్పుడు జాగ్రత్త. మొన్న ఏప్రిల్‌లో నాకేమైందో చెప్తా. ఇక్కడ ఇల్లు ఖాళీ చేయాలంటే మూడు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ ఉత్తరం నెలలో మూడో వర్కింగ్ డే లోపు ఓనర్‌కి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది, అదీ సంతకం పెట్టిన కాగితమే, ఈమెయిల్ చెల్లదు. ఏప్రిల్ 1 బుధవారం, 2 గురువారం, 3 గుడ్ ఫ్రైడే. శని, ఆదివారాలు తీసేస్తే సోమవారం మళ్లీ సెలవు, కాబట్టి మూడో రోజు 7వ తేదీ మంగళవారం అనుకుని గురువారం సాయంత్రం నింపాదిగా పోస్ట్ చేశా. మంగళవారమే చేరింది కూడా. ఓనర్ మాత్రం శనివారంతోనే గడువు అయిపోయిందన్నాడు. ఫోన్‌లో అరగంట వాదించా. గుడ్ ఫ్రైడే సెలవు అని నాకు నేర్పుతున్నావా అన్నాడు. చివరికి ఒక నెల అద్దె అదనంగా కట్టా. పండగ ఇంకో వారం ఆగి వచ్చుంటే ఈ గొడవే లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క:
శనివారం లెక్కలోకి వస్తుందండీ. అద్దె కట్టే గడువుకి రాదని ఫెడరల్ కోర్టు 2010లో చెప్పింది. నోటీసుకి మాత్రం వస్తుందని 2005లోనే చెప్పింది. మీరు రెండూ కలిపేసుకున్నారు.

సరే, ఆ అబ్బాయి అడిగింది ఇది కాదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూడాలి, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. పౌర్ణమే ఆదివారం పడితే ఇంకో వారం ఆగాలి. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. అయితే ఆ పౌర్ణమి ఆకాశంలోది కాదు, చర్చి పట్టికలోది. 2019లో మార్చి 21న నిండు చంద్రుడు కనిపించాడు, ఆ లెక్కన 24నే ఈస్టర్ రావాలి. పట్టికలో పౌర్ణమి ఒక రోజు ముందు పడింది, దాంతో తర్వాతి పౌర్ణమి దాకా ఆగి ఏప్రిల్ 21న చేశారు.

ఇంకొన్ని పండగలు కూడా ఈస్టర్ వెంటే నడుస్తాయి. 39 రోజులకి ఆరోహణ గురువారం, 50 రోజులకి పెంతెకొస్తు సోమవారం, 60 రోజులకి కార్పస్ క్రిస్టి అనే కాథలిక్ పండగ. అంటే 2027లో మే 6, 17, 27. చివరిది మ్యూనిక్‌లో సెలవు, బెర్లిన్‌లో కాదు. బెర్లిన్ టీమ్‌తో పనిచేస్తే ఆ రోజు మీటింగ్ పెట్టేస్తారు, చూసుకోండి.

ఏథెన్స్ నుంచి:
మా దగ్గర 2027 ఈస్టర్ మే 2. గ్రీసు, రష్యా వైపు ఉండే ఆర్థొడాక్స్ చర్చిలు ఎప్పుడూ యూదుల పస్కా అయ్యాకే చేస్తాయి, అందుకే ఆలస్యం. క్రిస్మస్ కూడా ఆర్థొడాక్స్ వాళ్లకి జనవరి 7నే.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క:
అన్నా, ఏథెన్స్‌లో ఉండి ఆ మాట ఎలా అన్నారు? గ్రీసులో క్రిస్మస్ డిసెంబర్ 25నే కదా! రొమేనియాలోనూ అంతే. జనవరి 7 సెర్బియా, రష్యా చర్చిలది. ఉక్రెయిన్ వాళ్లు కూడా 2023లో డిసెంబర్‌కి మారారు. పస్కా మాట అందరూ చెప్పేదే గానీ అసలు కారణం పాత జూలియన్ క్యాలెండర్ లెక్క. వాళ్ల మార్చి 21 అంటే మనకి ఏప్రిల్ 3, పౌర్ణమి పట్టిక కూడా పాతదే. ఒక్కోసారి రెండు ఈస్టర్లూ కలుస్తాయి, 2025లో ఏప్రిల్ 20న కలిశాయి.

ఏథెన్స్ నుంచి:
మా పక్కింటి రష్యన్ల క్రిస్మస్ చూసి రాసేశా, ఒప్పుకుంటా. పస్కా మాట మాత్రం మా ఫాదర్ గారే చెప్పారు మరి.

లండన్:
ఈ పెంతెకొస్తు గోల మాకు లేదు. 1971 నుంచి దాని బదులు మే ఆఖరి సోమవారం సెలవిస్తున్నారు.

స్టుట్‌గార్ట్, 11 ఏళ్లుగా:
అక్కా, మూడో రోజే శనివారం పడితే ఏంటన్నది ఆ 2005 తీర్పులో తేల్చలేదు. చదివే చెప్తున్నా.

ఫ్రాంక్‌ఫర్ట్ అక్క:
తేల్చలేదని తెలిసీ అద్దె ఎందుకు కట్టారు మరి?

స్టుట్‌గార్ట్, 11 ఏళ్లుగా:
కట్టాక చదివా.

కొత్తగా వస్తున్నా:
థ్యాంక్స్ అండీ, టికెట్ మార్చి 22 సోమవారానికి మార్చుకున్నా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అడుగుతా.