చత్వారానికి అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా తగ్గుతుందా?

ప్రశ్న (పొందూరు):
అందరికీ నమస్కారం. మా అమ్మకు 46 ఏళ్లు. రాట్నం మీద సన్న నూలు వడికే ఆమె, తెగిన పోగును అతకడానికి ఈ మధ్య చేతులు బాగా ముందుకు చాచి, వెలుతురు కోసం గుమ్మంలోకి జరిగి కూర్చుంటోంది. దూరంగా వస్తున్న బస్సు బోర్డును మాత్రం సులువుగా చదువుతుంది. అద్దాలు అలవాటైతే చూపు మరింత మందగిస్తుందని ఇరుగుపొరుగువారు భయపెడుతున్నారు. ఇది నిజమేనా?

జవాబు (విజయనగరం, కంటి పరీక్షలు చేస్తుంటాను):
నిజం కాదండీ. వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బే శక్తిని కోల్పోతుంది, అదే చత్వారం. అద్దాలు పెట్టినా మానినా సుమారు 60 ఏళ్ల వరకు అది పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, పవర్ మారినప్పుడు తప్పు అద్దాలది కాదు. పరీక్షకు వెళ్లినప్పుడు పోగు కంటికి ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పండి. 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోయే అద్దం 60 సెంటీమీటర్ల దగ్గర మసకగా చూపవచ్చు.

జవాబు (పాలకొండ):
నేను సంతలో కొన్న అద్దాలతో ఏడాదిపాటు తలనొప్పి భరించాను. వాటిలో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, నా కళ్లకు తేడా ఉందని పరీక్షలోనే తెలిసింది. అమ్మగారికి కంటి ఒత్తిడి కూడా చూపించండి. ఆ ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసులు (గ్లకోమా) మొదట్లో ఏ బాధా లేకుండానే వస్తాయి.

జవాబు (బొబ్బిలి):
షుగర్ ఉంటే అది అదుపులోకి వచ్చాకే అద్దాలు చేయించండి, ఎందుకంటే షుగర్ హెచ్చుతగ్గులతో పవర్ కూడా మారుతుంది.