సోమశిల కాడ అలివి వల: బ్లూఫిన్ కథ మనకెందుకు?

కృష్ణొడ్డు: మొన్న కృష్ణ ఒడ్డున సోమశిల పోయిన. రేవు మీద పట్టాలు పరిచి చేపలు ఎండవోసిన్రు. దోసెడు తీసి చూస్తే చిటికెన వేలంత గూడ లేవు. పెద్ద తలకాయలు చూస్తేనే తెలుస్తది, బొచ్చె పిల్లలు. అలివి వల నిషేధమంటరు, దాని కన్నేమో దోమతెర లెక్క ఉన్నది. పసిఫిక్ సముద్రంల బ్లూఫిన్ ట్యూనా అనే పెద్ద చేపను గూడ ఇట్లనే పిల్లగున్నప్పుడే పట్టిన్రు. 2010 నాటికి గుడ్లు పెట్టే చేపలు, వేటే లేకుంటే ఉండేదాంట్ల 2 శాతానికి వడ్డయి.

పులుసుప్రియ: ఒక్క చేప 33 కోట్లకు అమ్ముడువోయింది అదేనా?

కృష్ణొడ్డు: అదే. 2019 జనవరి, టోక్యో వేలం, 278 కిలోలు. కోట్లు రూపాయలు కాదు, యెన్లు.

దేవరకొండ సారు: సముద్రం చేపను తెచ్చి కృష్ణల ఏస్తున్నవ్ తమ్మీ. బొచ్చె నిలువ నీళ్లల్ల గుడ్లు పెట్టదు. వానకాలం వరదకు ఎదురెక్కి పెడ్తది. కింద శ్రీశైలం కట్ట, పైన జూరాల. ఎదురెక్కే తొవ్వేది? వలను తిట్టుడు అల్కగ ఉంటది, కట్టను ఎవడు తిడ్తడు?

కృష్ణొడ్డు: అందుకే కద సారూ, సర్కారు 2016 నుంచి చేపపిల్లలను వదులుతున్నది. ఆ పిల్లలే వలల వడుతున్నయి. ఏడాది ఆగితే కిలోకు వస్తయి. బ్లూఫిన్ కాడ 30 కిలోల లోపుది పట్టుడు సగానికి తగ్గించాలని 2014ల దేశాలు ఒప్పుకున్నయి. అనుకున్న గడువు కంటే శానా ముందే కోలుకున్నది.

దేవరకొండ సారు: అంతకుముందు 2010ల దోహాల దేశాలన్నీ కూడిన సభల అట్లాంటిక్ బ్లూఫిన్ వ్యాపారం ఆపుదామని మొనాకో అడిగితే ఓడగొట్టింది గూడ జపానే. అది గూడ చెప్పు.

పులుసుప్రియ: యెన్లయితే మన పైసలల్ల ఎంత?

పుట్టి పోరడు: మీరు ట్యూనా కాడనే ఉండుండ్రి. మా నాయిన మత్స్యకారుల సొసైటీ మెంబరు. నిరుడు దాడులకొచ్చినోళ్లు మా పెద్దకన్ను వలను గూడ అలివే అని కాలవెట్టిన్రు. అప్పుజేసి కొన్నది. అసలు అలివి ఆ రాత్రి గూడ నీళ్లల్లనే ఉన్నది.

కృష్ణొడ్డు: నేను చెప్పేదీ అదే. బయటి నుంచి వచ్చి అలివి ఏసేటోళ్లను ఎల్లగొడితే సగం లొల్లి తీరుతది.

పుట్టి పోరడు: ఏం తెలుసన్నా నీకు? ఒక్కపూట ఫొటోలు దిగి పోయినోనివి. ఆ వల వాళ్లది కాదు, చేపలు కొనే సేటుది. పిల్లాజెల్లను తీసుకొచ్చి ఒడ్డున గుడిసెలేసుకున్నరు, సేటు బాకీ తీరేదాక కదలలేరు.

కృష్ణొడ్డు: మరి మీ నాయిన ఆ సేటు మీద ఫిర్యాదు ఎందుకియ్యలే?

పుట్టి పోరడు: కాలిన వలకు అప్పిచ్చింది గూడ ఆయనే. పట్టిన చేప ఆయనకే పొయ్యాలె, ఆయన చెప్పిన ధరకే. కొత్త వలకు మళ్ల అడుగవోతే, పెద్దకన్నుది ఎందుకు, అలివి పట్టుకపో అన్నడు.

పులుసుప్రియ: 😐

దేవరకొండ సారు: నాయిన తెచ్చిండా తమ్మీ?

పుట్టి పోరడు: అది ఇక్కడ రాయను సారూ. ఇంట్ల ఫోన్ ఒక్కటే.