దోఆయి స్టేషన్ (జపాన్, గున్మా): మెట్లు, టికెట్, చరిత్ర. తెలిసినవాళ్ళు చెప్పండి

హిమబిందు_సైతామా
అందరికీ నమస్తే. అక్టోబరులో అమ్మానాన్నలతో దోఆయి చూద్దామని ప్లాన్. నాలుగు సందేహాలు: అరవై దాటినవాళ్ళు సొరంగంలోని ప్లాట్‌ఫామ్ నుంచి పైకొచ్చే ఆ మెట్లు ఎక్కగలరా? సూయికా (గేటు దగ్గర ట్యాప్ చేసే రైలు కార్డు) పనిచేస్తుందా? దగ్గర్లో శాకాహారం దొరుకుతుందా? అసలు ప్లాట్‌ఫామ్ అంత లోతున ఎందుకు కట్టారు?

పట్టాలపిచ్చి
మెట్లు 462, పొడవు 338 మీటర్లు. స్టేషన్ భవనానికీ కింది ప్లాట్‌ఫామ్‌కీ ఎత్తులో తేడా 70.7 మీటర్లు. ప్రతి ఐదు మెట్లకీ చదును జాగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులు లేకపోతే నిదానంగా ఎక్కేస్తారు. లిఫ్ట్ లేదు, ఎస్కలేటర్ లేదు. మెట్ల పక్కన ఎస్కలేటర్ కోసం వదిలిన జాగా మాత్రం అలాగే ఖాళీగా పడి ఉంది.

లెక్కలమాస్టారు
462 దగ్గర ఆపేస్తే ఎలాగండీ? అవి ఎక్కాక 143 మీటర్ల నడవా ఉంది. యుబిసొ నదినీ రోడ్డునీ దాటించేది అదే. ఆ నడవాలో 12, 12 చొప్పున ఇంకో 24 మెట్లు. మొత్తం 486. పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నామని అడిగితే సగం లెక్క చెబుతారా?

పట్టాలపిచ్చి
ఆ 24 నడవాలోవి. సొరంగం మెట్లు 462 అని అక్కడి బోర్డు మీదే రాసి ఉంది.

లెక్కలమాస్టారు
ఆ బోర్డు మీదే 24 కూడా రాసి ఉంది. ఏది నడవా మెట్టో ఏది సొరంగం మెట్టో మోకాలికి తెలీదు సార్.

కిటికీసీటు
మెట్ల పంచాయితీ తర్వాత తేల్చుకోండి. ఏ వైపు నుంచి వస్తున్నారన్నదే ముఖ్యం. మినకామి (టోక్యో వైపు స్టేషన్) నుంచి కొండ అవతల నాగావోకా వైపు వెళ్ళే రైలు సొరంగంలో ఆగుతుంది, దిగితే ఎక్కడం తప్పదు. కొండ అవతలి ఎచిగో యుజావా నుంచి మినకామి వైపు వచ్చేది నేల మీది ప్లాట్‌ఫామ్‌లో ఆగుతుంది, ఆ మెట్లతో పనే లేదు. పెద్దవాళ్ళుంటే షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో ఎచిగో యుజావా దాకా వెళ్ళి లోకల్‌లో వెనక్కి రండి. మెట్లు పైనుంచి చూసి, ఓపిక ఉన్నన్ని దిగి, మళ్ళీ నేల మీదే మినకామి రైలెక్కండి.
రైళ్ళు అటు ఐదారు, ఇటు ఐదారు, అంతే. మధ్యలో మూడు గంటలు దాటిన ఖాళీలుంటాయి. టైంటేబుల్ ముందే రాసిపెట్టుకోండి. రైలు తప్పితే తనిగావా కొండ రోప్‌వే నుంచి మినకామికి వెళ్ళే బస్సు స్టేషన్ ముందే ఆగుతుంది.

బోగీ_నం_9
లోతు సంగతికొస్తే, అది పర్వతారోహకుల కోసం కట్టింది. పక్కనే తనిగావా శిఖరం. ఊరే లేని చోట స్టేషన్ ఇంకెవరికి?

లోకోషెడ్_కాజీపేట
ఉన్నదొకటి, చెప్పేదొకటి. నేను సొరంగాల పనిలనే ఉన్న, గందుకే చెప్తున్న. 1931ల మొదటి షిమిజు సొరంగం పొడుగు తగ్గాలని లైనును కొండ మీదికి ఎక్కించిన్రు, గప్పుడు 9,702 మీటర్లతోని సరిపోయింది. ఎక్కనీకె వాలు వెయ్యికి 20 దాటొద్దు. అందుకే లైనును కొండల గుండ్రంగ తిప్పిన్రు. మినకామి దిక్కు పోయే రైళ్ళు ఇప్పటికీ గా లూపు తిరుగుతయ్. దోఆయి దాటినంక కిటికీల కెళ్ళి చూడున్రి, యుబిసొ స్టేషను కింద కనబడుతది, రైలు చుట్టు తిరిగొచ్చినంకనే దాంట్ల ఆగుతది. 1967ల రెండో లైను వేసేటప్పటికి పొడుగు సొరంగం తవ్వుడు పెద్ద కష్టం కాదు. లూపు వద్దనుకుని కింద కెళ్ళి సీదా 13 కిలోమీటర్ల మీద 490 మీటర్లు తవ్విన్రు. పాత స్టేషను పైననే ఉండె, కొత్త లైను కింద వడ్డది. కొండెక్కెటోళ్ళకు దానికి ఏం సంబంధం?

బోగీ_నం_9
సొరంగం సంగతి కాదు, స్టేషన్ సంగతి చెప్పాను. చదివి మాట్లాడండి.

పట్టాలపిచ్చి
స్టేషన్ సంగతీ అది కాదు. 1931లో అది సింగిల్ లైనులో రైళ్ళు ఎదురుపడితే తప్పించుకోడానికి పెట్టిన సిగ్నల్ పోస్టు. 1936 డిసెంబరులో స్టేషన్ చేశారు. కొండెక్కేవాళ్ళు వాడుకున్నది నిజమే. తనిగావాలో ఇప్పటిదాకా 800 మందికి పైగా చనిపోయారు, అదీ నిజమే. అంతమాత్రాన ప్లాట్‌ఫామ్‌ని వాళ్ళ కోసం 70 మీటర్ల కింద పెడతారా? రాత్రి రైలు దిగి ముందు 486 ఎక్కండి, ఆ తర్వాత కొండ ఎక్కండి అనా?

లెక్కలమాస్టారు
486 అన్నారు. రికార్డు చేసుకోండి అందరూ.

చిన్నారి_ఒసాకా
ఒక్క స్కూలు అమ్మాయి కోసం, ఆమె చదువు అయ్యేదాకా రైలు నడిపిన స్టేషన్ ఇదేనా అండీ? వాట్సాప్‌లో వచ్చింది.

కిటికీసీటు
దేవుడా, మళ్ళీ అదే.

పట్టాలపిచ్చి
కాదు. అది హొక్కైదోలో సెకిహొకు లైను. ఫార్వర్డుల్లో కామి షిరతాకి అని రాస్తారు, ఆ విద్యార్థిని ఎక్కింది క్యూ షిరతాకిలో. ఎంగారు హైస్కూలుకి వెళ్ళే ఆ పొద్దుటి రైల్లో వేరే పిల్లలు కూడా ఉండేవారు. జనం ఎక్కక ఆ స్టేషన్లు మూసేస్తామని రైల్వే ముందే ప్రకటించింది. 2016 మార్చి 26న టైంటేబుల్ మారింది, ఆ రోజే కామి, క్యూ, షిమో షిరతాకి మూడూ మూతపడ్డాయి. హొక్కైదో షింకాన్‌సెన్ మొదలైందీ ఆ రోజే. జపాన్‌లో చదువుల సంవత్సరం కూడా మార్చితోనే ముగుస్తుంది. అక్కణ్ణుంచి పుట్టిందీ కథ.

చిన్నారి_ఒసాకా
అడిగినందుకు ఇంత ఉపన్యాసమా? మంచి కథ, నమ్మితే పోయేదేముంది?

లోకోషెడ్_కాజీపేట
పోయేది లెక్క. మూడు స్టేషన్లు ఎందుకు మూసిన్రో ఎవలకూ యాది లేదు, వాట్సాప్‌ల తిరిగే గా పిల్ల ఫోటో మాత్రం అందరికీ యాదుంది.

కెకెలైన్_వైజాగ్
సొరంగాలంటే అంతా జపాన్ అంటున్నారు. మన కొత్తవలస–కిరండూల్ లైను వేసిందే బైలాడిలా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టు మీదుగా జపాన్‌కి పంపడానికి. 58 సొరంగాలు. బొర్రా గుహల స్టేషన్‌లో దిగండి, మెట్లెక్కే బాధే ఉండదు.

కిటికీసీటు
గుహలోకి దిగాక అక్కడా మెట్లే కదా గురూ.

బోగీ_నం_9
మెట్లు తక్కువ కావాలంటే త్సుత్సుయిషి స్టేషన్‌కి వెళ్ళండి. 280, 290 అంతే.

పట్టాలపిచ్చి
అది నీగాతాలో సముద్రం పక్కన. కొండచరియల బెడద తప్పించడానికి 1969లో లైనునీ స్టేషన్‌నీ కుబికి సొరంగంలోకి మార్చారు. అక్కడ రెండు ప్లాట్‌ఫాములూ లోపలే, ఏ వైపు నుంచి వచ్చినా ఎక్కాల్సిందే. రైలు గాలికి ప్లాట్‌ఫామ్ ముందు ఇనుప తలుపులు కూడా పెట్టారు. పెద్దవాళ్ళకి దోఆయి నేల ప్లాట్‌ఫామే నయం.

హిమబిందు_సైతామా
అందరికీ థాంక్స్. సూయికా, తిండి సంగతి ఎవరూ చెప్పలేదు.

కిటికీసీటు
సూయికా గున్మా వైపు మినకామి వరకే. టోక్యోలో ట్యాప్ చేసి దోఆయిలో దిగితే అక్కడ కొట్టడానికి మెషీనే లేదు, 1985 నుంచి స్టాఫ్ కూడా లేరు. కార్డులో ప్రయాణం ముగియదు, తర్వాత ఏ గేటూ తీసుకోదు, స్టాఫ్ ఉన్న స్టేషన్‌లో సరిచేయించుకోవాలి. ఎక్కేచోటే దోఆయి దాకా కాగితం టికెట్ కొనండి.
తిండికొస్తే, పాత స్టేషన్ ఆఫీసు గదిలో 2020 నుంచి కాఫీ షాపు ఉంది, తెరిచే రోజులు చూసుకుని వెళ్ళండి. సోబా నూడుల్స్ తినొచ్చులే అనుకోకండి, ఆ పులుసులో చేప ఉంటుంది. పులిహోర కట్టుకెళ్ళడమే. సొరంగంలో ఎండాకాలం కూడా చలే, మెట్లు తడిగా ఉంటాయి. అమ్మగారికి చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేయించండి, స్వెట్టర్ బ్యాగులో అడుగున కాకుండా పైన పెట్టండి.