సిబోలా బర్న్ దగ్గర ఆగిపోయా, దాటేసి ఐదో భాగానికి వెళ్ళిపోవచ్చా?

మద్దిలపాలెం కుర్రాడు:

ఎక్స్‌పాన్స్ అనే సైన్స్ ఫిక్షన్ నవలల సిరీస్ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మొదటి మూడు భాగాలు రెండు నెలల్లో ఊదేశాను. బస్సులో కూడా అదే పని, ఒకరోజైతే కంచరపాలెంలో దిగాల్సినవాణ్ణి ఎన్ఏడీ దాకా వెళ్ళిపోయా. మూడోది అయ్యేసరికి పదమూడు వందలకు పైగా కొత్త సౌరవ్యవస్థలకి దారులు తెరుచుకున్నాయి కదా, ఇక నాలుగోదాంట్లో విశ్వమంతా తిప్పేస్తారని ఆశపడ్డా. తీరా చూస్తే ఒక్క గ్రహం, దాని మీద ఒక్క పల్లె, ఒక లిథియం గని, ఈ నేల నాదంటే నాదని కొట్లాట. అంతరిక్షంలో ఇంత దూరం వచ్చి గట్టు తగాదా చదవాలా? గ్రహం పేరు మీద కూడా గొడవే, వీళ్ళు ఇలస్ అంటారు, వాళ్ళు న్యూ టెర్రా అంటారు. నూట యాభై పేజీలయ్యాయి, కదలట్లేదు. మధ్యమధ్యలో మొదటి భాగంలోని డిటెక్టివ్ మిల్లర్ సంగతి చెప్పే చిన్న అధ్యాయాలు ఉన్నాయే, చెప్పిందే మళ్ళీ చెప్తూ, అవి మరీ విసుగు. దాటేసి నెమెసిస్ గేమ్స్‌కి వెళ్తే కథ అర్థమవుతుందా?

సీతమ్మధార:

దాటెయ్ గురూ. నేనూ అంతే చేశా. ఎవరో రాసిన సారాంశం పావుగంటలో చదివేసి ఐదోదాంట్లో దూకా, ఎక్కడా ఇబ్బంది పడలేదు. అసలు మజా అక్కడే మొదలవుతుంది.

గాజువాక అబ్బాయి:

దాటొద్దండీ. గట్టు తగాదా అన్నారు చూడండి, అందులో ఉన్నదే అది. గురుగ్రహపు చందమామ గానిమీడ్ నుంచి కట్టుబట్టలతో పారిపోయి, ఏ రేవులోనూ దిగనివ్వకపోతే ఓడలోనే తిరిగి తిరిగి, చివరికి ఎవరూ లేని నేల కనబడితే దిగి గని తవ్వుకుంటున్న జనం ఒక పక్క. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన చార్టర్ పట్టుకుని, శాస్త్రవేత్తల్నీ సెక్యూరిటీనీ వెంటేసుకుని వచ్చిన కంపెనీ ఇంకో పక్క. ముందొచ్చింది వీళ్ళు, కాగితం ఉన్నది వాళ్ళకి. కంపెనీ మనుషుల నోట వీళ్ళు ఆక్రమణదారులు.

ఆ మాట మా ఇంట్లో పాతదే. మా తాతగారి ఊరు ఒక ఫ్యాక్టరీ కిందకి పోయింది, చేలు, చింతచెట్లు, అమ్మవారి గుడి అన్నీ కలిపి. తర్వాత ఎక్కడ పాక వేసుకున్నా "పట్టా ఏదీ" అనేవారట. మా నాన్న ఇప్పటికీ ట్రంకు పెట్టెలో జిరాక్సులు దాచుకుంటాడు, ఎందుకు పనికొస్తాయో ఆయనకీ తెలీదు, పారేస్తానంటే మాత్రం ఒప్పుకోడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి మీరు కదలట్లేదన్న ఆ నూట యాభై పేజీలు టెన్షన్‌తో గొంతు పట్టేసుకుంటాయి.

అలాగని రచయితలు ఆ వలసజనాన్ని దేవుళ్ళని చేసేయలేదు (జేమ్స్ ఎస్.ఎ. కోరీ అంటే ఒకరు కాదు, డేనియల్ అబ్రహం, టై ఫ్రాంక్ కలిసి పెట్టుకున్న కలం పేరు). మొదటి దెబ్బ వీళ్ళదే కదా. కంపెనీవాళ్ళు దిగే చోటుని పేల్చేద్దామనుకున్నారు, వాళ్ళ షటిల్ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది, మనుషులు చచ్చిపోయారు. ఆ పనిలో చెయ్యి పెట్టిన బాసియా అంతకుముందే కొడుకుని పోగొట్టుకున్న తండ్రి. వాణ్ణి పూర్తిగా తిట్టలేం, పూర్తిగా జాలీ పడలేం. ఇక సిరీస్ హీరో హోల్డెన్, పంచాయితీ చెయ్యడానికి వచ్చిన పెద్దమనిషి, అతని మాట రెండు పక్షాలూ వినవు. నాకు తెలిసిన ఊరి తగాదాలన్నీ ఇలాగే జరిగాయి.

పేరు కూడా ఊరికే పెట్టలేదు. అమెరికా ఖండంలో సిబోలా అనే బంగారు నగరాలు ఉన్నాయని స్పానిష్‌వాళ్ళు నమ్మి, 1540లో కొరొనాడో దండుని వెంటేసుకుని బయల్దేరాడు. బంగారం దొరకలేదు, అక్కడి జూనీ తెగవాళ్ళ మట్టి ఇళ్ళు దొరికాయి. వాటి మీద పడి గెలిచారు.

ఎంవీపీ కాలనీ:

గాజువాక తమ్ముడు చెప్పింది మొదటి సగం. రెండో సగం నన్నడగండి. ఈ పుస్తకం 2014 జూన్‌లో వచ్చింది, నా చేతికి వచ్చింది మాత్రం సరిగ్గా హుద్‌హుద్ తుఫానుకి ముందు. అక్టోబర్ 12 తర్వాత మా వీధికి వారం దాటినా కరెంటు లేదు, ఫోన్లు లేవు, కైలాసగిరి వైపు చూస్తే పచ్చ రంగన్నదే లేదు, చెట్లన్నీ కాల్చేసినట్టు మోడులు. పగలు మేడ మెట్ల మీద కూర్చుని చదివేదాన్ని. పుస్తకంలో గ్రహం అవతలి పక్కన ఏదో పేలుతుంది, గాలి, ఆ వెనకే నీళ్ళు, ఊరు కొట్టుకుపోతుంది, మిగిలినవాళ్ళంతా గ్రహాంతరవాసుల పాత కట్టడంలో తలదాచుకుంటారు. నిన్నటిదాకా తుపాకులు చూపించుకున్నవాళ్ళు మంచినీళ్ళకి ఒకే వరసలో నిలబడతారు. మా వీధిలో గోడ విషయంలో ఆరేళ్ళుగా మాటల్లేని రెండు ఇళ్ళవాళ్ళు అదే వారం ఒకే జనరేటర్‌కి డబ్బులేసుకున్నారు, బోరు నీళ్ళు తోడుకోవడానికి. నెల తిరక్కుండా మళ్ళీ మాటల్లేవు, అది వేరే కథ.

ఆ తర్వాత కురిసే వానలో ఉన్న సూక్ష్మజీవి కళ్ళలో చేరి అందరికీ చూపు పోతుంది, ఒక్క హోల్డెన్‌కి తప్ప. ఎందుకంటే మొదటి పుస్తకంలో ఈరోస్ అనే గ్రహశకలం దగ్గర తిన్న రేడియేషన్‌కి క్యాన్సర్ రాకుండా మందులు వాడుతున్నాడు. ఒకటో భాగంలో రాసిన మందు నాలుగో భాగంలో పనిచేసిందన్నమాట! అక్కడ పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నా.

తప్పులు లేవనను. ఎల్వీ అంత చదువుకున్న జీవశాస్త్రవేత్త, హోల్డెన్ కనబడగానే పదో తరగతి పిల్లలా అయిపోవడం ఏమిటో. కంపెనీ సెక్యూరిటీ పెద్ద మర్ట్రీ అయితే పాత సినిమాల్లో జమీందారు మనిషి, కొరడా ఒక్కటే తక్కువ.

మద్దిలపాలెం కుర్రాడు:

అక్కా, చూపు పోయే సంగతి చెప్పేముందు స్పాయిలర్ అని ఒక్క ముక్క రాయాల్సింది 😭 సరే, పోయిందేదో పోయింది. టీవీలో నాలుగో సీజన్ చూసేస్తే సరిపోతుందా మరి?

ఎంవీపీ కాలనీ:

అయ్యో, సారీ నాన్నా. దాటేద్దామంటున్నావు కదా అని రాసేశా.

పెదవాల్తేరు మాస్టారు:

సరిపోదు. 2019 డిసెంబర్‌లో వచ్చిన ఆ సీజన్ బాగుంటుంది, కాదనను, కానీ అది వేరే వంట. అందులో హోల్డెన్ ఓడలో ఇంజనీరైన నయోమి గ్రహం మీదకి దిగి గురుత్వాకర్షణతో అవస్థపడుతుంది, పుస్తకంలో పైన కంపెనీ ఓడలో బందీగా ఉంటుంది. మార్స్‌లో మాజీ సైనికురాలు బాబీ కథ, ఐక్యరాజ్యసమితి పెద్ద అవసరాల (ఆవిడ పేరే అది) పోటీ చేసే ఎన్నికలు, ఇవన్నీ సీజన్ కోసం తెచ్చి కలిపినవే.

ఆ సీజన్‌లో అసలు లేనివాడు హేవ్‌లాక్. మొదటి భాగంలో మిల్లర్ పక్కన ఉండేవాడే, ఇక్కడ కంపెనీ సెక్యూరిటీలో పనిచేస్తుంటాడు. జీతం ఇచ్చేవాడి మాట వింటూ వింటూ, తను కాపలా కాస్తున్నది ఎవరినని ఒకరోజు ఆలోచనలో పడే మనిషి. ఫ్యూజన్ రియాక్టర్లు ఒక్కసారిగా పనిచెయ్యడం మానేస్తాయి, బ్యాటరీలు అయిపోతుంటాయి, కక్ష్య రోజురోజుకీ దిగిపోతుంటుంది, అలాంటి ఓడలో కూర్చుని అతను ఏం చేస్తాడన్నదే నాకైతే ఈ పుస్తకం (ఇంతకంటే చెప్పను, కుర్రాడు మళ్ళీ ఏడుస్తాడు). బీచ్ రోడ్డులో కురుసుర మ్యూజియం చూశారా? 91 మీటర్ల జలాంతర్గామి, అయినా లోపల ఎదురుగా మనిషొస్తే పక్కకి ఒదగాలి. ఆ అధ్యాయాలు చదివినప్పుడల్లా నాకు ఆ ఇరుకే గుర్తొస్తుంది.

ఇంకొకటి, సీతమ్మధార గారికి. చివర్లో అవసరాల, బాబీ మాట్లాడుకునే నాలుగు పేజీలు చదవకుండా ఐదోదాంట్లో దూకారంటే మార్స్ ఎందుకు ఖాళీ అవుతుందో మీకు సారాంశంలో ఒక్క వాక్యంలో దొరికి ఉంటుంది. అక్కడ మాత్రం ఆవిడ కూర్చోబెట్టి చెప్తుంది.

సీతమ్మధార:

ఒప్పుకున్నా మాస్టారూ. ఆ నాలుగు పేజీలు మాత్రం చదువుతా. మిల్లర్ అధ్యాయాలు నా వల్ల కాదు.

మద్దిలపాలెం కుర్రాడు:

నిన్న రాత్రి మళ్ళీ మొదలుపెట్టా, 240కి వచ్చా. గాజువాక అన్నా, మీరు చెప్పాక బాసియా అధ్యాయాలు వేరేలా ఉన్నాయి. ఎల్వీ మాత్రం అక్క చెప్పినట్టే ఉంది. వాన ఇంకా రాలేదు.